జ్వరం రాని సూది

మన్నూబియాకు జ్వరం రాలేదన్న సంగతి సముద్రపు ఒడ్డున ఉన్న మహదియా ఊరి పాతపేట మొత్తానికీ తెలిసిపోయింది. తెలియజేసింది మన్నూబియానే. మామూలుగానే ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. అందులోనూ అది తన గొప్ప చెప్పుకునే సంగతైతే ఇక అడగనే అక్కర్లేదు.

ఆమె కూతురు బస్మా రేవు దగ్గరి సర్కారు దవాఖానాలో నర్సు. ఏటా అక్టోబరులో ఫ్లూ సూదులు రాగానే ముందుగా తల్లిని లాక్కుపోయి వేసేస్తుంది. ఈసారి తల్లితో పాటు ఆవిడ స్నేహితురాలు దూజానీ, తన కూతురు ఆరీజ్‌నీ కూడా బయల్దేరదీసింది. డెబ్బై తొమ్మిదేళ్ళ మన్నూబియా, ఆవిడకన్నా ఏడాది పెద్దదైన దూజా, పంతొమ్మిదేళ్ళ ఆరీజ్ ఒకే బల్ల మీద వరసగా కూర్చుని బస్మా చేతి మీదుగా సూదులు వేయించుకున్నారు.

సాయంత్రానికల్లా ఆరీజ్ మంచమెక్కింది. సూది పడిన చెయ్యి పైకి లేవలేదు, ఒళ్ళు పెనంలా కాలింది. ఆ పిల్ల దుప్పటి ముసుగులోంచి అమ్మో అయ్యో అని మూలుగుతుంటే, ముసలమ్మలిద్దరూ లోగిట్లో కుంపటి ముందు కూర్చుని, ఎండబెట్టిన ఆక్టోపస్ ముక్కలు కాల్చుకుంటూ, సూది పడిన చేతులతోనే విసనకర్ర విసిరారు.

"చూశావుటే దూజా," అంది మన్నూబియా. "మనవి బార్లీ రొట్టె తిన్న ఒళ్ళు. దీనిది పొట్లాల్లో చిప్సు తిన్న ఒళ్ళు. సూది మొన తగలగానే పడిపోయింది."

"నాకు దోమ కుట్టినట్టు కూడా లేదే. నీ కూతురు మనకి మందు బదులు నీళ్ళు పొడిచిందేమో."

"దానికి అంత తెలివెక్కడిదే? ఒట్టి నిజాయితీ మనిషి, వాళ్ళ నాన్న పోలిక. మన ఒళ్ళే ఉక్కు ముక్క."

"నీది ఉక్కు. నాది దాని మీద పట్టిన తుప్పు," అంది దూజా. ఇద్దరూ కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు.

దూజా పట్టు నేసే మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, మగ్గం కన్నా బుద్ధిగా చెప్పిన మాట వినే మొగుడు దొరకలేదని చెప్పేది. మన్నూబియా పెళ్ళికి పట్టు నేసింది ఆవిడే. అంచు రంగు బాగాలేదని కొత్త పెళ్ళికూతురు వెళ్ళి దెబ్బలాడింది. ఆ దెబ్బలాట అరవై ఏళ్ళుగా సాగుతూనే ఉంది. ఒకరి గుమ్మం తొక్కకుండా ఒకరికి రోజు గడవదు.

మనవరాలు పడుకుంటే అమ్మమ్మ ఊరుకుంటుందా? హసూ కాచింది. రవ్వని ఆలివ్ నూనెలో దోరగా వేయించి, వెల్లుల్లి, షాజీరా, హరిస్సా కారం వేసి, ఊరబెట్టిన నిమ్మచెక్క నలిపి కాచే గంజి అది. మహదియాలో జలుబు చేస్తే డాక్టరు దగ్గరికి పోనివాళ్ళు ఉంటారు గానీ హసూ తాగనివాళ్ళు ఉండరు. మన్నూబియా హసూకి ఒక పద్ధతి ఉంది. గిన్నె ఒకటే, చెంచా ఒకటే. రోగికి ఒక చెంచా, తనకి ఒక చెంచా. జబ్బుమనిషి ఒంటరిగా తింటే గంజి కూడా మందులా చేదెక్కుతుందని వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. ఇవాళ రేవులో మీసాలు దువ్వుకుంటూ తిరిగే మగవాళ్ళంతా చిన్నప్పుడు ఆ చెంచాతో తాగి లేచినవాళ్ళే. ఎవరింట్లో దగ్గు వినబడినా, సందు మలుపులో తెల్లటి సఫ్సారీ ముసుగు కప్పుకుని, గిన్నె పట్టుకుని మన్నూబియా కనబడేది. ఆమెని ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. ఎదురుచూసేవాళ్ళు. మొగుడు సముద్రపు ఒడ్డున తెల్లటి సమాధుల మధ్య పడుకున్నాక, పిల్లలు పెద్దవాళ్ళయిపోయాక, ఆమెకి మిగిలిన రాజ్యం అదొక్కటే.

జ్వరం రాలేదన్న గొప్ప గుమ్మం గుమ్మానికీ పాకి, చివరికి రేవు కాఫీ దుకాణం చేరింది. అక్కడ చీట్లపేక ఆడుకునే కుర్రాళ్ళు ఆలోచించి ఒక తీర్పు చెప్పేశారు: "ముసలమ్మలకి చీమ కుట్టినట్టు లేదు, పంతొమ్మిదేళ్ళ పిల్ల మంచాన పడింది. ఆ సూది ముసలివాళ్ళ ఒంటికే పడుతుందిరా, మన ఒంటికి పడదు." దాంతో దవాఖానా ముందు ముసలివాళ్ళు బారులు తీరారు. వయసువాడు ఒక్కడు తొంగిచూస్తే ఒట్టు.

"అమ్మా, నువ్వు చాటింపు వేయడం కాస్త ఆపుతావా?" అంది బస్మా. "జ్వరం రాకపోతే బలమున్నట్టని నీకెవరు చెప్పారు?"

"ఒకళ్ళు చెప్పాలా? నాకు కళ్ళు లేవూ?"

బస్మా ఇంకేదో చెప్పబోయింది. అప్పటికే మన్నూబియా గుమ్మం దాటింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రచ్చ ముందే గెలిచేసినవాళ్ళకి ఇంట్లోవాళ్ళ మాట చెవికెక్కదు.

జనవరిలో సముద్రపు గాలి సందుల్లోకి దూరి ఈల వేయడం మొదలుపెట్టింది. ఆ గాలితో పాటే ఫ్లూ వచ్చింది. ముందు బడికి, బడి నుంచి ఇళ్ళకి, అక్కణ్ణించి రొట్టెల బట్టీకి. బట్టీ యజమాని భార్య హల్లూమా, ఆవిడ ముగ్గురు పిల్లలూ ఒకేసారి పడ్డారు. బట్టీ మూతపడి పేట మొత్తం రొట్టెకి మొహం వాచింది. అలాంటప్పుడు మన్నూబియా ఇంట్లో కూర్చోవడమా? పెద్ద గిన్నెడు హసూ కాచి, దారిలో దూజా తలుపు తట్టింది.

"నువ్వూ రావే. పిల్లలు ముగ్గురు, నాకున్నవి రెండే చేతులు."

"అంటుకుంటుందేమోనే."

"ఏమంటుకుంటుందే? సూది పడింది కదా, ఉక్కు ముక్కవి. రా, నాటకాలాడకు."

వెళ్ళారు. పిల్లలు గంజి చూసి మొహాలు తిప్పుకుంటే మన్నూబియా కథలు చెప్పింది, పాటలు పాడింది, వాళ్ళ నాన్న చిన్నప్పుడు పక్క తడిపిన సంగతి బయటపెట్టింది. చిన్నవాడి నోట్లో ఒక చెంచా, తన నోట్లో ఒక చెంచా. మధ్యలో దూజా వైపు తిరిగి, "కారం సరిపోయిందా చూడవే," అని ఆ చెంచాతోనే ఆవిడ నోట్లోనూ ఒకటి పెట్టింది. హల్లూమా మంచం మీద నుంచే చేతులెత్తి దీవించింది. తిరిగి వచ్చేటప్పుడు మన్నూబియా నడకలో పదేళ్ళ వయసు తగ్గింది.

ఆ సంగతి విన్న బస్మా డ్యూటీ బట్టలైనా మార్చుకోకుండా వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, ఇవాళ నువ్వు విని తీరాలి. ఆ ఇంటికి ఎందుకు వెళ్ళావు?"

"ఎందుకేమిటే? నాకు సూది ఉంది."

"ఉంది. ఆ సూది ఏం చేస్తుందో తెలుసా? జబ్బు మొహం ఎలా ఉంటుందో ఒంట్లో కాపలావాళ్ళకి చూపిస్తుంది. ఈ మొహంగాడు వస్తే గుమ్మంలోనే పట్టుకోండని చెబుతుంది. ఆరీజ్ ఒంట్లో కుర్ర కాపలావాళ్ళు ఉన్నారు. ఒకసారి చూస్తే చాలు, ఆ మొహం మరిచిపోరు. నీ ఒంట్లో కాపలావాళ్ళది నీ వయసేనమ్మా. వాళ్ళ బుర్ర నిండా పాత జబ్బుల మొహాలే. కొత్తది చూపిస్తే కళ్ళు చికిలించుకుని చూస్తారు. సగం గుర్తుపడతారు. చలికాలం అయ్యేలోపే అందులోనూ కొంత మరిచిపోతారు. వాళ్ళకి తోడు కొత్తవాళ్ళని తీసుకోవడం నీ ఒళ్ళు ఎప్పుడో తగ్గించేసింది."

మన్నూబియా మొహం ఎర్రబడింది. "అలాంటప్పుడు ఎందుకు పొడిచినట్టు?"

"చిల్లుల గొడుగైనా గొడుగే కాబట్టి. జబ్బు వచ్చినా ప్రాణం మీదికి రాకుండా చాలాసార్లు కాపాడుతుంది. ముసలివాళ్ళ కోసం మందు ఎక్కువ వేసిన రకం కూడా ఉందిట, మా దవాఖానాకి అది రాలేదు. ఉన్నదే వేశాను, వచ్చే ఏడూ వేస్తాను. కానీ చిల్లుల గొడుగు పట్టుకుని తుఫానులోకి పోతానంటే ఎలా?"

"అర్థమైందిలే. దానికి జ్వరం వచ్చింది కాబట్టి అది గట్టిది, నాకు రాలేదు కాబట్టి నేను పుచ్చిపోయాను. అంతేగా?"

"జ్వరంతో కొలవకమ్మా. జ్వరం రాకుండానే బాగా నేర్చుకునేవాళ్ళు బోలెడుమంది. ఇక్కడ తేడా వయసుది. దూజా పిన్నీ నువ్వూ ఇక జబ్బు ఇళ్ళకి పోవద్దు. మీ చుట్టూ ఉన్న కుర్రాళ్ళు సూది వేయించుకుంటే మీ దాకా రాదు. వాళ్ళేమో నీ గొప్పలు విని మానేశారు."

ఆ చివరి మాట బస్మా అనకుండా ఉండాల్సింది. మన్నూబియా లేచి నిలబడింది.

"ఆరుగుర్ని కన్న ఒళ్ళు ఇది. అందులో నువ్వొకతెవి. తట్టు వచ్చినప్పుడు నిన్ను రాత్రీ పగలూ ఒళ్ళోంచి దించలేదు. అప్పుడు ఈ కాపలావాళ్ళ లెక్కలు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు పిల్లకి గంజి పోయడానికి కూడా పనికిరానన్నమాట. మరి నేనెందుకే ఉన్నట్టు?"

తల్లి అడిగినది వైద్యం సంగతి కాదు. దానికి దవాఖానాలో జవాబు లేదు. ఆ పూట ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా భోంచేశారు.

తర్వాత రెండు మూడు రోజులకి దూజా గుమ్మం తెరుచుకోలేదు. మగ్గం చప్పుడు వినబడలేదు. బస్మా వెళ్ళి చూసి వచ్చింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్ళిన మనిషి తిరిగి వచ్చి, చేతులు కడుక్కుంటూ, తల్లి మొహం చూడకుండానే చెప్పింది.

"పిన్నికి ఫ్లూనే. డాక్టరు చూశాడు, మందు మొదలుపెట్టాం. ఊపిరి తేటగానే ఉంది, ఆ చిల్లుల గొడుగు కాస్త పనిచేస్తున్నట్టే ఉంది. కానీ నిన్నటి నుంచి ఏమీ తినలేదు, తాగలేదు. నేను పెట్టి వచ్చిన గంజి మూత కూడా తీయలేదు. ఇలాగే ఉంటే సాయంత్రం ఆసుపత్రికి తీసుకుపోవాలి."

అదే బల్ల, అదే రోజు, అదే సూది. దూజాకీ జ్వరం రాలేదు. కుంపటి దగ్గర ఇద్దరూ కలిసే నవ్వారు. హల్లూమా చిన్నకొడుకు నోట్లోంచి తన నోటికి, తన నోటి నుంచి దూజా నోటికి వెళ్ళిన చెంచా ఆమె కళ్ళ ముందు కదిలింది. 'నాటకాలాడకు' అన్న తన మాట తన చెవిలోనే వినబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా చేతులు ఊరుకోవు. బస్మా డ్యూటీకి వెళ్ళడమే ఆలస్యం, మన్నూబియా రవ్వ వేయించడం మొదలుపెట్టింది. ఆ పూట ఇంట్లోనే ఉన్న ఆరీజ్ గది తలుపు దగ్గర నిలబడి చూసింది.

"అమ్మమ్మా, ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి? అది ఆకలితో పడి ఉంటే నేనిక్కడ కూర్చోనా? మీ అమ్మకి చెప్పుకో పో."

గిన్నె మూతకి గుడ్డ చుట్టి, సఫ్సారీ కప్పుకుని బయల్దేరింది. నాలుగు గుమ్మాల అవతలే ఆ ఇల్లు. తలుపు తోసింది. రాలేదు. మళ్ళీ తోసింది. లోపల గడియ పెట్టి ఉంది.

దూజా ఇంటికి పగటిపూట గడియ ఉంటుందని మన్నూబియాకి అంతవరకు తెలియదు. ఆ పేటలో జబ్బుమనిషిని చూడవచ్చినవాళ్ళ మొహాన తలుపు వేయడం కన్నా పెద్ద అవమానం లేదు.

"ఒసే దూజా! నేనే. తలుపు తియ్యి."

లోపల దగ్గు. తర్వాత బొంగురుపోయిన గొంతు. "తియ్యను. పో."

"ఏమిటే, జ్వరం తలకెక్కిందా? హసూ తెచ్చాను. చల్లారిపోతుంది."

"బస్మా అంతా చెప్పింది. నీ ఉక్కు సంగతీ చెప్పింది, నా తుప్పు సంగతీ చెప్పింది. లోపలికి అడుగు పెట్టావంటే చీపురు తిరగేస్తాను. పో అవతలికి."

"నిలబడే ఓపిక లేదు గానీ చీపురు తిరగేస్తుందిట!" మన్నూబియా తలుపు మీద అరచేత్తో బాదింది. "నీకిది నా వల్ల వచ్చిందే. నేనే తీసుకుపోయాను. నాకేమన్నా అయితే అవనీ. తలుపు తియ్యవే తల్లీ."

"అందుకే తియ్యనంటున్నా."

గొడవకి సందులో గుమ్మాలన్నీ తెరుచుకున్నాయి. కాఫీ దుకాణం కుర్రాళ్ళు నలుగురు మలుపులో పోగయ్యారు. హల్లూమా కాస్త లేచి తిరుగుతోంది కాబట్టి కిటికీలోంచి తల బయటపెట్టింది. మన్నూబియాకి ఎవరూ కనబడలేదు. తలుపుకి నుదురు ఆనించి నిలబడింది. లోపల దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. దగ్గుకీ దగ్గుకీ మధ్య దూజా ఊపిరి అందుకోవడం కర్ర తలుపులోంచి వినబడుతోంది. ఆమెకి భయం వేసింది. ఎవరి జబ్బుకీ వేయనంత భయం వేసింది.

"అమ్మమ్మా, గిన్నె ఇటివ్వు."

ఆరీజ్. ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకుని, వాళ్ళమ్మ దవాఖానా తొడుగులు చేతులకి వేసుకుని వెనకాల నిలబడి ఉంది.

"నీకేం తెలుసే? గంజి ఎలా పట్టాలో తెలుసా? దానికి వెన్ను ఆనించి కూర్చోబెట్టాలి. నిమ్మచెక్క నలిపి పెట్టాలి. మొదటి చెంచా చిన్నది పెట్టాలి."

"నువ్వు చెప్పు, నేను చేస్తాను. సూదికి పడిపోయాను నిజమే. నా ఒళ్ళు గట్టిదని నేననట్లేదు. కుర్రదంతే. ఇవ్వు."

మన్నూబియా రెండు చేతులూ గిన్నెని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. అరవై ఏళ్ళలో ఆ గిన్నె ఇంకొకరి చేతికి ఇచ్చి ఎరగదు. ఇస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. రేపటి నుంచి గుమ్మాలు ఎదురుచూసేది ఇంకొకరి కోసం.

"ఆరీజ్ వచ్చిందా?" లోపలి నుంచి దూజా. "దాన్ని రానిస్తాను. ముందు ఆ ముసలిదాన్ని ఎదురుగోడ దగ్గరికి పొమ్మను. అది అక్కడికి పోతేనే గడియ తీస్తాను."

ఎవరూ నవ్వలేదు. మన్నూబియా గిన్నె మనవరాలి చేతుల్లో పెట్టి, వెనక్కి నడిచి, సందుకి అవతలి గోడకి ఆనుకుని నిలబడింది. గడియ లాగిన చప్పుడు వచ్చింది. తలుపు సందులో ఒక్క క్షణం దూజా కనబడింది. ఎంత చిక్కిపోయింది! మన్నూబియా కాలు తనకి తెలియకుండానే ముందుకు పడింది. దూజా అరచెయ్యి పైకెత్తి ఆపింది. ఆరీజ్ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది, కిటికీ రెక్క మాత్రం తెరుచుకుంది.

"దిండు నిలువుగా పెట్టావా?" మన్నూబియా గోడ దగ్గర నుంచే అరిచింది.

"పెట్టాను!"

"అడుగు దాకా కలుపు. రవ్వ కిందికి దిగి ఉంటుంది."

"కలిపాను!"

కాసేపటికి ఆరీజ్ కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అమ్మమ్మా, తినట్లేదు. ఒంటరిగా దిగదంటోంది. ఎప్పుడూ ఒంటరిగా తాగలేదుట. నన్నేమో ఆ చెంచాతో తిననివ్వట్లేదు."

ఆ పేటకంతటికీ ఆ అలవాటు చేసింది మన్నూబియానే. జబ్బుమనిషి ఒంటరిగా తినకూడదని చెప్పి చెప్పి, తను లేకుండా గుటక దిగకుండా చేసింది. ఇప్పుడేం చెయ్యాలి? ఆమె సందు నలువైపులా చూసింది. కిటికీలో హల్లూమా తల కనబడింది.

"హల్లూమా! ఒక గిన్నె, చెంచా మరిగే నీళ్ళతో కడిగి బయట పెట్టి తలుపు వేసుకో. ఆరీజ్, నీ గిన్నెలోది సగం దాంట్లో నాకు పొయ్యి. గుమ్మం బయట పెట్టి నువ్వు లోపలికి పో."

కాఫీ దుకాణం కుర్రాళ్ళలో ఒకడు పరుగున పోయి కుర్చీ తెచ్చాడు. మన్నూబియా ఎదురుగోడ దగ్గర, సందు నడిబొడ్డున, సముద్రపు గాలిలో, ఒళ్ళో గిన్నె పెట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి చూస్తే దూజాకి ఆమె కనబడుతుంది.

"ఒసే దూజా, వింటున్నావా? బిస్మిల్లా." ఒక చెంచా నోట్లో పెట్టుకుని మింగింది. "నేను తిన్నాను. ఇక నువ్వు."

లోపల చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు.

"తిన్నదా?"

"తిన్నది!" ఆరీజ్ గొంతు పిచ్చుకలా ఎగిరింది.

"కారం ఎక్కువైంది," అంది లోపలి నుంచి బొంగురు గొంతు.

"నీ నోరు పాడైంది, కారం కాదు. నాది రెండోది. ఇదిగో. ఇక నువ్వు."

అలా నడిచింది ఆ భోజనం. సందు ఇటుపక్క ఒక చెంచా, అటుపక్క ఒక చెంచా. మధ్యలో దగ్గు వస్తే మన్నూబియా చెంచా గాలిలోనే ఆపి ఎదురుచూసేది. ఒకసారి ఆమె కన్నీళ్ళు గిన్నెలో పడితే, ఉప్పు సరిపోయిందని పైకే చెప్పింది. గుమ్మాల్లో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. కుర్చీ తెచ్చిన కుర్రాడు ఆరీజ్ వైపు, మన్నూబియా వైపు మార్చి మార్చి చూసి, "ఆ సూది ఇంకా ఉందా, అయిపోయిందా?" అని పక్కవాణ్ణి నెమ్మదిగా అడిగాడు.

గిన్నె అడుగు కనబడ్డాక దూజా కిటికీ వైపు మొహం తిప్పింది.

"మన్నూబియా."

"ఊఁ."

"బస్మాని అడిగావుట, గంజి పోయడానికి పనికిరాకపోతే నేనెందుకున్నట్టూ అని. అది పాపం వచ్చి నా దగ్గర ఏడ్చింది."

మన్నూబియా గిన్నెకి అంటిన రవ్వని చెంచాతో గీకింది.

"గంజి ఎవరైనా పోస్తారే పిచ్చిదానా. ఈ చిన్నది పోసింది చూడు. మొహం మీద తలుపు వేసినా గోడ దగ్గర కూర్చుని నాతో దెబ్బలాడేదానివి నువ్వొక్కదానివే. నువ్వు పోతే నేనెవరితో దెబ్బలాడను? నాకు నువ్వు బతికి కావాలి. నీ హసూ కాదు."

అంత పొడుగు మాట చెప్పేసరికి దూజాకి మళ్ళీ దగ్గు తెర వచ్చింది. ఆరీజ్ వెన్ను నిమిరింది. మన్నూబియా గోడ దగ్గర నుంచి కదలలేదు. కదలకుండా ఉండడం ఆమెకి ఆరుగుర్ని కనడం కన్నా కష్టంగా ఉంది.

ఆరీజ్ గిన్నె పట్టుకుని బయటికి రాగానే మన్నూబియా అలవాటుగా రెండు చేతులూ చాచింది. ఆరీజ్ అక్కడే ఆగిపోయింది.

"వద్దమ్మమ్మా. ముందు ఇంటికి పోయి కడుక్కోవాలి. బట్టలు మార్చుకోవాలి."

మన్నూబియా చాచిన చేతులు దించుకుంది. మనవరాల్ని కింది నుంచి పైదాకా చూసింది, ఆ గుడ్డ కట్టిన మొహాన్ని, గిన్నె పట్టుకున్న చేతుల్ని.

"సాయంత్రానికి నేను కాచి ఉంచుతాను," అంది. "నువ్వే తీసుకుపో. తోడుగా నేను ఇక్కడే కూర్చుంటాను. అది నన్ను చూస్తూ తింటుంది."